పట్టాలు కొన్నవాళ్లు పక్కకు పోలేరు: జర్మన్ బొమ్మరైళ్ల కంపెనీ మెర్‌క్లిన్ కథ

క్లుప్తంగా: 1859లో లక్కపిడతల్లాంటి రేకు వంటసామానుతో మొదలైన మెర్‌క్లిన్, 1891లో బొమ్మరైలును ఏడాదికి కాస్త కొని కలుపుకుంటూ పోయే సెట్టుగా మార్చింది. ఒకసారి ఆ పట్టాలు ఇంట్లోకి వస్తే ఆ ఇల్లు మరో కంపెనీ వైపు వెళ్లడం కష్టం. వందేళ్లకు పైగా కంపెనీని నిలబెట్టింది ఈ లక్షణమే. కొత్తవాళ్లను గుమ్మం బయటే ఆపిందీ ఇదే. 2009లో దివాలా తీసిన తర్వాత మళ్లీ లేవడానికి పనికొచ్చింది కూడా చాలావరకు ఇదే.

150వ ఏట దివాలా

2009 ఫిబ్రవరి 4న జర్మనీలో స్టుట్‌గార్ట్‌కు దగ్గర్లో ఉన్న గ్యోపింగెన్ ఊరి కోర్టులో మెర్‌క్లిన్ దివాలా పిటిషన్ వేసింది. కంపెనీకి అది 150వ ఏడు. బొమ్మల వ్యాపారులంతా ఏడాదికోసారి కలిసే న్యూరెంబర్గ్ సంత మొదలవబోయే వేళ. కొత్త మోడళ్లు చూపించి దుకాణాల నుంచి ఆర్డర్లు తీసుకోవాల్సిన వారంలో కంపెనీ అప్పులవాళ్ల ముందు నిలబడాల్సి వచ్చింది.

ఏడాది అమ్మకాలు 12 కోట్ల యూరోలు దాటాయి. జర్మనీలో ఆ పేరు తెలియని ఇల్లు ఉండదు. అలాంటి కంపెనీ ఎందుకు కూలిందన్న ప్రశ్నకు రెండు జవాబులు తరచుగా వినిపిస్తాయి. పిల్లలు వీడియో గేముల్లో పడ్డారన్నది ఒకటి, పెట్టుబడి ఫండ్లు వచ్చి పిండేశాయన్నది రెండోది. రెండింట్లోనూ నిజం ఉంది, కానీ రెండూ సగం జవాబులే. వీడియో గేములు అన్ని బొమ్మల కంపెనీలకూ వచ్చాయి. ఫండ్లు అడుగుపెట్టేసరికే మెర్‌క్లిన్ అప్పుల్లో ఉంది. మిగతా సగం అర్థం కావాలంటే కంపెనీ అసలు ఏం అమ్మేదో చూడాలి.

రేకు గిన్నెల నుంచి ఎనిమిది అంకె దాకా

థియోడోర్ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ మెర్‌క్లిన్ రేకుపని చేసేవాడు. 1859లో గ్యోపింగెన్‌లో తగరపు పూత రేకుతో, పైన రంగు వేసి, బొమ్మరిల్లు వంటగదికి పొయ్యిలు, గిన్నెలు, గరిటెలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. అమ్మింది ఎక్కువగా ఆయన భార్య కరోలీన్. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఊరూరూ తిరిగి సరుకు ఆర్డర్లు తెచ్చుకోవడం చాలా అరుదు. ఆమె దక్షిణ జర్మనీ, స్విట్జర్లాండ్ తిరిగి దుకాణాలు పట్టుకుంది. 1866లో భర్త చనిపోయాక పిల్లల్ని పెంచుకుంటూ కంపెనీని రెండు దశాబ్దాలకు పైగా లాక్కొచ్చింది. 1888లో కొడుకులు ఆయిగెన్, కార్ల్ చేతికి వచ్చేనాటికి అది చిన్న కార్ఖానాయే. అయినా అది మూతపడలేదంటే ఆ ఘనత ఆమెదే. కంపెనీ చరిత్ర చెప్పేటప్పుడు మొదటి పేరు థియోడోర్‌ది వస్తుంది గానీ, మొదటి ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం కరోలీన్‌వే.

1891లో రెండు సంగతులు జరిగాయి. ఎల్వాంగెన్‌లో లుడ్విగ్ లుట్స్ నడిపిన రేకుబొమ్మల కార్ఖానాను అన్నదమ్ములు కొన్నారు. లుట్స్ పనివాళ్లకు బొమ్మరైళ్లు చేయడం బాగా తెలుసు. అదే ఏడాది లైప్‌జిగ్ సంతలో మెర్‌క్లిన్ కీ ఇస్తే నడిచే రైలును ఎనిమిది అంకె ఆకారంలో పరిచిన పట్టాల మీద తిప్పి చూపించింది.

బొమ్మరైలు అప్పటికి కొత్తది కాదు. నేల మీద లాగే రైళ్లు, వృత్తంలో తిరిగే రైళ్లు ఎందరో చేస్తున్నారు. కొత్తదల్లా అమ్మే పద్ధతి. పట్టా ముక్కలు ఒకే కొలతలో, ఒకదానికొకటి అతికేలా, వంపులు వేరుగా, నిటారువి వేరుగా, దారి మళ్లించే పాయింట్లు వేరుగా అమ్మకానికి వచ్చాయి. ఈ క్రిస్మస్‌కు ఇంజను, రెండు పెట్టెలు, ఒక చుట్టు పట్టాలు. వచ్చే ఏడాది స్టేషను. ఆపైన వంతెన, సిగ్నల్, ఇంకో ఇంజను. బొమ్మరిల్లు వంటగదికి గిన్నె తర్వాత గిన్నె అమ్మిన అలవాటే ఇక్కడ రైలుకు పాకిందనిపిస్తుంది. బొమ్మ ఒకసారి కొని వదిలేసే వస్తువు కాకుండా ఏటా పెరిగే ఆస్తి అయింది.

ఒకటి, సున్నా, సున్నాలో సగం

అతకాలంటే కొలతలకు పేర్లు కావాలి. మెర్‌క్లిన్ తన పట్టాల వెడల్పులకు 1, 2, 3 అని అంకెలు పెట్టింది. ఒకటో గేజి అంటే 45 మిల్లీమీటర్లు, అన్నింట్లోకీ చిన్నది. ఆ తర్వాత అంతకంటే చిన్నది, 32 మిల్లీమీటర్లది, వచ్చింది. ఒకటి కంటే కింద అంకె ఏదీ మిగల్లేదు కాబట్టి దాన్ని సున్నా అన్నారు. 1930ల్లో దానికి దాదాపు సగం కొలతలో ఇంకోటి వచ్చింది. మొదట దాన్ని రెండు సున్నాలన్నారు, తర్వాత ‘సగం సున్నా’ అని స్థిరపడింది. ఇవాళ ప్రపంచమంతా హెచ్ఓ అంటున్నది ఇదే. అసలు రైలును 87వ వంతుకు తగ్గించిన కొలత.

లెక్క చూస్తే తేలిగ్గానే ఉంటుంది. యూరప్‌లో స్టాండర్డ్ గేజి 1435 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 16.5. హైదరాబాద్ మెట్రో నడిచేది కూడా ఈ గేజి మీదే. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు కాబట్టి అదే లెక్కన 19 పైచిలుకు రావాలి. అందుకే భారతీయ రైళ్ల నమూనాలను మార్కెట్లో దొరికే హెచ్ఓ పట్టాల మీద నడిపితే, పెట్టె కొలత సరిగ్గా ఉన్నా చక్రాల మధ్య దూరం కాస్త తగ్గిపోతుంది.

1935లో ఈ చిన్న కొలత రైళ్లను మెర్‌క్లిన్, న్యూరెంబర్గ్‌లోని ట్రిక్స్ రెండూ లైప్‌జిగ్ సంతకు తెచ్చాయి. 1929 ఆర్థిక మాంద్యం తర్వాత జనం దగ్గర డబ్బు తక్కువ, ఇళ్లు చిన్నవి. 45 మిల్లీమీటర్ల రైలుకు హాలంతా కావాలి, దీనికి భోజనాల బల్ల సరిపోతుంది.

ట్రిక్స్ వెనకున్న కథ బాధాకరమైనది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద బొమ్మల కంపెనీగా పేరున్న బింగ్, న్యూరెంబర్గ్‌లో ఒక యూదు కుటుంబానిది. అది 1930ల మొదట్లో కూలిపోయింది. ఆ కుటుంబానికే చెందిన స్టీఫన్ బింగ్ ట్రిక్స్‌ను నడుపుతుండగా నాజీ ప్రభుత్వ ఒత్తిడికి కంపెనీని వదులుకుని ఇంగ్లండ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. మెర్‌క్లిన్‌కు గట్టి పోటీ ఇవ్వగలిగిన వాళ్లలో ఒకరు వ్యాపారంలో ఓడి పోలేదు, ఊరు నుంచి వెళ్లగొట్టబడ్డారు. జర్మన్ బొమ్మల పరిశ్రమలో ఎవరు మిగిలారు, ఎవరు మిగల్లేదు అని లెక్కవేసేటప్పుడు దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. అదే ట్రిక్స్ పేరు 1997లో మెర్‌క్లిన్ చేతికి వచ్చింది.

మూడో పట్టా

బయటివాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇది: మెర్‌క్లిన్ ఇంజను వేరే కంపెనీ పట్టాల మీద ఎందుకు నడవదు?

మిగతా కంపెనీల పద్ధతిలో కుడి పట్టా ఒక ధ్రువం, ఎడమ పట్టా ఇంకో ధ్రువం. కరెంటు ఒక చక్రం నుంచి ఎక్కి మోటారు గుండా రెండో చక్రంలోకి దిగుతుంది. అందువల్ల రెండు చక్రాల మధ్య ఇరుసులో కరెంటు పారకుండా అడ్డు ఉండాలి. మెర్‌క్లిన్‌లో రెండు పట్టాలూ ఒకే ధ్రువం. రెండో ధ్రువం మధ్యలో ఉంటుంది. మొదట్లో అది నిజంగానే మూడో పట్టా. చూడ్డానికి బాగోలేదని 1950ల్లో దాన్ని తీసేసి, స్లీపర్ల మధ్యలో గుండుసూది తలల్లాంటి చిన్న చిన్న బుడిపెలు పెట్టారు. ఇంజను తలకిందులు చేసి చూస్తే చక్రాల మధ్య సన్నని పొడుగాటి లోహపు పలక కనిపిస్తుంది. అది ఒక బుడిపెను వదలకముందే తర్వాతి దాన్ని తాకేంత పొడుగ్గా ఉంటుంది. రైలు వెళ్తుంటే వినిపించే సన్నని గీకుడు శబ్దం దానిదే.

దీనివల్ల పెద్ద లాభం ఉంది. ఆడుకునే పిల్లవాడు పట్టాలను గుండ్రంగా తిప్పి, వెళ్లిన దారినే వెనక్కి కలిపితే, రెండు పట్టాల పద్ధతిలో కుడిపట్టా వచ్చి ఎడమపట్టాను తాకుతుంది, షార్ట్ అవుతుంది. దాన్ని తప్పించడానికి ప్రత్యేకంగా వైరింగ్ చేయాలి. మెర్‌క్లిన్‌లో ఏ పట్టా ఏ పట్టాను తాకినా ఫర్వాలేదు. ఎలా కలిపినా నడుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అది చాలా పెద్ద విషయం, ఆ పిల్లవాడికి షార్ట్ సర్క్యూట్ గురించి చెప్పే ఓపిక లేని తండ్రికి ఇంకా పెద్దది.

మోటారు ఏసీది కావడంతో ఇంకో చిక్కు వచ్చింది. డీసీ అయితే ధ్రువాలు మారిస్తే రైలు వెనక్కి నడుస్తుంది. ఏసీలో అది కుదరదు. అందుకని ఇంజను లోపల చిన్న రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్చు, పెట్టారు. మామూలుగా 16 వోల్టుల లోపు నడిచే ఇంజనుకు ట్రాన్స్‌ఫార్మర్ గుబ్బను వెనక్కి తిప్పి 24 వోల్టులు ఒక్క క్షణం ఇస్తే రిలే టక్కున పడి దిశ మారుతుంది. రిలే ఒక్కోసారి ఆలస్యంగా పడేది. అప్పుడు ఆ 24 వోల్టులకు ఇంజను ఉన్నపళంగా ముందుకు ఎగిరేది. ఆడుకున్న తరాలన్నింటికీ ఆ గెంతు గుర్తే.

ఇక నష్టం. మెర్‌క్లిన్ పెట్టెల చక్రాలకు మధ్యలో అడ్డు లేదు, కాబట్టి వేరే పట్టాల మీద పెడితే షార్ట్. వేరేవాళ్ల ఇంజనుకు కింద పలక లేదు, కాబట్టి మెర్‌క్లిన్ పట్టాల మీద కదలదు. దాదాపు ప్రపంచమంతా రెండు పట్టాల డీసీ వైపు వెళ్లింది. మెర్‌క్లిన్ వాడేవాళ్లు జర్మనీ, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ వంటి చుట్టుపక్కల దేశాల్లో ఎక్కువగా ఉండిపోయారు. అమెరికా, బ్రిటన్ మార్కెట్లు ఆ మేరకు చేజారాయి. ఇక్కడ కంపెనీ తప్పు చేసిందని అనడం తేలిక. కానీ 1950 తర్వాత పద్ధతి మార్చి ఉంటే అప్పటిదాకా కొన్న ప్రతి ఇంట్లోని పట్టాలూ పనికిరాకుండా పోయేవి. ఏటా కొంచెం కొనే కుటుంబాలే ఆదాయమైన కంపెనీకి అది ఆత్మహత్యతో సమానం.

నిజంలా ఉండాలా, ఇంట్లో పట్టాలా

జర్మన్ ఎక్స్‌ప్రెస్ పెట్టె పొడుగు 26.4 మీటర్లు. 87తో భాగిస్తే 30 సెంటీమీటర్లు దాటుతుంది. మెర్‌క్లిన్ దశాబ్దాల పాటు అమ్మిన రేకు పెట్టెలు 24 సెంటీమీటర్లే. కారణం పట్టా వంపు. బల్ల మీద పట్టేలా వేసిన చుట్టు వ్యాసార్ధం 36 సెంటీమీటర్లు, అంత ఇరుకు మలుపులో 30 సెంటీమీటర్ల పెట్టె మధ్యభాగం లోపలికి, కొసలు బయటికి పొడుచుకొచ్చి పక్క లైన్ మీద రైలును గుద్దుతాయి. అందుకే పెట్టెను కుదించారు. పిల్లలకు అది పట్టలేదు. ఆ పిల్లలే పెద్దవాళ్లయ్యాక, సొంత సంపాదన వచ్చాక, కిటికీల సంఖ్య లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఫ్లైష్‌మాన్, రోకో వంటి పోటీదారులు నిజానికి ఇంకా దగ్గరగా ఉన్న మోడళ్లతో వాళ్లను ఆకర్షించారు. బొమ్మ కొనేవాడు, నమూనా సేకరించేవాడు వేరువేరు మనుషులుగా విడిపోతున్న సంగతి అక్కడే మొదలైంది. మెర్‌క్లిన్ ఇద్దరినీ ఒకే పట్టా మీద ఉంచాలని చూసింది.

1972లో తెచ్చిన జెడ్ గేజి ఈ స్థలం సమస్యకు ఇంకో జవాబు. 220వ వంతు, పట్టాల మధ్య 6.5 మిల్లీమీటర్లు. ఇంతకంటే చిన్నది రాదన్న నమ్మకంతో ఇంగ్లిషు అక్షరమాలలో చివరి అక్షరం పెట్టారు. చిన్న ఇంజన్లు చూపుడువేలంత కూడా ఉండవు.

80 ఇంజన్లు, రెండు వైర్లు

1980ల మధ్యలో వచ్చిన డిజిటల్ పద్ధతి మెర్‌క్లిన్ చరిత్రలో 1891 తర్వాత అంత పెద్ద మలుపు. అంతకుముందు పట్టాల్లో కరెంటు పెంచితే ఆ పట్టాల మీదున్న ఇంజన్లన్నీ ఒకేసారి కదిలేవి. ఒక్కోదాన్ని విడిగా నడపాలంటే పట్టాలను ముక్కలుగా కోసి, స్విచ్చులు పెట్టి, బల్ల కింద వైర్ల అడవి పెంచాలి. డిజిటల్‌లో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. దానితోపాటే ఆదేశం కూడా వెళ్తుంది: ‘24వ నంబరు ఇంజను, నెమ్మదిగా ముందుకు’. ప్రతి ఇంజనులోనూ ఉన్న చిప్ తన నంబరు వస్తేనే పలుకుతుంది.

మెర్‌క్లిన్ ఇందుకు మోటొరోలా కంపెనీ మామూలు రిమోట్ కంట్రోళ్ల కోసం అమ్మే చిప్‌ను తీసుకుంది. దాని నంబరులో నాలుగు స్థానాలు, ఒక్కో స్థానంలో మూడు రకాల విలువలు. మూడును నాలుగుసార్లు గుణిస్తే 81. అందులో 80 వాడారు. 80 ఇంజన్లనే పరిమితి అక్కడి నుంచి వచ్చింది. చౌకగా మార్కెట్లో దొరికే చిప్‌తో పని కానివ్వడం అప్పట్లో తెలివైన నిర్ణయమే.

రెండు పట్టాల వాళ్ల కోసం మెర్‌క్లిన్, ఆర్నాల్డ్ కంపెనీలకు బెర్న్‌డ్ లెన్స్ అనే ఇంజనీరు మరో పద్ధతి తయారుచేశాడు. దాన్ని అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990ల్లో ఆధారంగా తీసుకుని అందరికీ ప్రమాణంగా మార్చింది. ఇవాళ డీసీసీ పేరుతో ప్రపంచంలో ఎక్కువమంది వాడేది అదే. మెర్‌క్లిన్ డబ్బు పెట్టి చేయించిన పనిలో ఒకటి ప్రపంచ ప్రమాణమైంది, కంపెనీ తన ముఖ్యమైన రైళ్లకు మాత్రం ఇంకోదాన్నే పట్టుకుంది. 2004లో ఎంఎఫ్ఎక్స్ అనే కొత్త డిజిటల్ పద్ధతి వచ్చింది. ఇంజనును పట్టాల మీద పెట్టగానే అదే తన పేరు, తన హారన్, లైట్ల వివరాలు కంట్రోలర్‌కు చెప్పుకుంటుంది. వాడుకకు చాలా సుఖం. కానీ అది కూడా మెర్‌క్లిన్ సొంత భాషే.

మూడు కుటుంబాలు, ఒక ఫండు, చాలామంది సలహాదారులు

2006 దాకా కంపెనీ మెర్‌క్లిన్, ఫ్రిట్స్, సాఫ్ట్ కుటుంబాలది. తరాలు మారేకొద్దీ వాటాదారులు పెరిగారు, వాళ్ల మధ్య ఏకాభిప్రాయం తగ్గింది. అమ్మకాలు తగ్గుతున్నా కేటలాగులో మోడళ్లు పెరుగుతూ పోయాయి. బొమ్మరైళ్ల ఖర్చు ఎక్కడుంటుందో తెలిస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. జింకు మిశ్రమాన్ని కరిగించి ఇంజను పైభాగం పోతపోయడానికి ఉక్కు అచ్చు కావాలి. ఒక్క అచ్చు తయారీకే చాలా డబ్బు, నెలల సమయం. పదివేల ఇంజన్లు పోస్తే ఆ ఖర్చు ఒక్కోదానికి కొంచెమే. వెయ్యి పోస్తే పదింతలు. కొనేవాళ్లు తగ్గుతూ, వాళ్లు కోరే రకాలు పెరుగుతుంటే లెక్క తలకిందులవుతుంది.

2006లో లండన్‌కు చెందిన పెట్టుబడి ఫండు కింగ్స్‌బ్రిడ్జ్ క్యాపిటల్, గోల్డ్‌మన్ శాక్స్‌తో కలిసి కంపెనీని కొంది. అప్పట్లో పత్రికల్లో వచ్చిన ధర సుమారు 3 కోట్ల యూరోలు. కొత్త యజమానులు ఖర్చులు కోశారు, మనుషుల్ని తీశారు, 2007లో పెద్ద తోట రైళ్లు చేసే ఎల్‌జీబీని దివాలా నుంచి కొన్నారు. అదే సమయంలో మేనేజ్‌మెంట్ సలహాదారులకు కోట్ల యూరోలు చెల్లించారు. దివాలా తర్వాత కోర్టు నియమించిన మిఖాయెల్ ప్లూటా ఈ చెల్లింపుల్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. నష్టాల్లో ఉన్న కంపెనీ నుంచి అంత డబ్బు సలహాల పేరుతో బయటికి పోవడాన్ని సమర్థించడం కష్టం. 2009 మొదట్లో, ప్రపంచ ఆర్థిక సంక్షోభం మధ్యలో, బ్యాంకులు అప్పు గడువు పొడిగించలేదు. కంపెనీ ఆగిపోయింది.

ఎలా లేచింది

జర్మన్ చట్టం ప్రకారం దివాలా అంటే వెంటనే తాళం వేయడం కాదు. మన దగ్గర 2016లో వచ్చిన దివాలా చట్టం ఐబీసీలో రిజల్యూషన్ ప్రొఫెషనల్ లాగే, అక్కడ కోర్టు పెట్టిన మనిషి కంపెనీని నడుపుతూనే దారి వెతుకుతాడు. ప్లూటా సలహాదారుల ఒప్పందాలు ఆపాడు, కేటలాగు తగ్గించాడు, గ్యోపింగెన్ ఫ్యాక్టరీని, హంగరీలోని గ్యోర్ ఫ్యాక్టరీని ఉంచాడు. 2010 చివర్లో అప్పులవాళ్లు పునరుద్ధరణ పథకాన్ని ఒప్పుకున్నారు. 2013లో ఫూర్త్‌కు చెందిన సింబా-డికీ బొమ్మల కంపెనీ యజమానులు మిఖాయెల్ సీబర్, ఆయన కొడుకు ఫ్లోరియాన్ మెర్‌క్లిన్‌ను కొన్నారు. మళ్లీ ఒక బొమ్మల కుటుంబం చేతికి వచ్చింది.

అప్పులవాళ్లు ఎదురుచూడటానికి కారణం యంత్రాలు, భవనాలు కావు. దివాలా వార్త వచ్చాక కూడా మెర్‌క్లిన్ పట్టాలున్న ఇళ్లు వాటికి సరిపోయే ఇంజన్ల కోసం కొంటూనే ఉన్నాయి. వాళ్లకు సులువుగా పోవడానికి ఇంకో చోటు లేదు. మూడో పట్టా బయటివాళ్లను ఆపినట్టే లోపలివాళ్లను కూడా కట్టిపడేసింది.

ఇప్పటి వ్యాపారం నడిచే తీరు దీనికి తగ్గట్టే మారింది. ఏడాది మొదట్లో కొత్త మోడళ్లు ప్రకటిస్తారు. దుకాణాలు, 1993లో మొదలైన సభ్యుల క్లబ్బు ముందే ఆర్డర్ పెడతారు. చాలా మోడళ్లు ఒకే విడతగా తయారై ఆగిపోతాయి. అచ్చు ఖర్చుకు తగినన్ని ఆర్డర్లు ఉన్నాయో లేదో ముందే తెలుస్తుంది, గోదాములో సరుకు మిగలదు. దాని ఫలితం ధరల్లో కనిపిస్తుంది. బాగా చేసిన ఒక డిజిటల్ ఇంజను కొన్ని వందల యూరోలు. మూడేళ్ల పిల్లల కోసం బ్యాటరీతో, అయస్కాంతపు కొక్కేలతో నడిచే ప్లాస్టిక్ రైళ్లు కూడా తెచ్చారు. ఆ పిల్లల్లో ఎంతమంది పదేళ్లకు అసలు పట్టాల దగ్గరకు వస్తారన్నదే కంపెనీ ముందున్న అసలు లెక్క.

ఇంకో ఒత్తిడి లోపలి నుంచే వస్తోంది. 1960, 70ల్లో కొన్న తరం వయసు మళ్లింది, అటకల మీది పెట్టెలు పాత సరుకు మార్కెట్‌కు చేరుతున్నాయి. 1950ల నాటి ఇంజనుకు పాత ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే ఇవాళ్టి పట్టాల మీద కూడా నడుస్తుంది. కాబట్టి తాతల సరుకు కొత్త సరుకుకు నేరుగా పోటీ. రైళ్ల మీద మోజు మాత్రం పోలేదు. 2001లో తెరిచిన హాంబర్గ్‌లోని బొమ్మరైళ్ల ప్రదర్శనశాల మినియేచర్ వుండర్‌లాండ్‌కు ఏటా పది లక్షల మందికి పైగా వస్తున్నారు. చూడటానికి వచ్చేవాళ్లు కొనేవాళ్లుగా మారడం తక్కువ, ఎందుకంటే ఇంట్లో బల్ల వేయడానికి చోటు కావాలి, వారాల కొద్దీ ఓపిక కావాలి.

గ్యోపింగెన్ విడిభాగాల జాబితాలో ఈ రెండు కాలాలూ పక్కపక్కనే ఉంటాయి. కొత్త ఇంజన్లకు సౌండ్ చిప్‌లు, స్పీకర్లు దొరుకుతాయి. దశాబ్దాల నాటి ఇంజన్ల మోటారుకు కార్బన్ బ్రష్‌లు, కింద అరిగిపోయే ఆ పొడుగాటి లోహపు పలక కూడా దొరుకుతాయి. పలక మార్చడానికి ఒక చిన్న స్క్రూ విప్పితే చాలు.